దాచుకున్న కార్యక్రమానికి తాళంచెవి ఎవరి దగ్గర?



"టీవీలో వచ్చే కార్యక్రమాన్ని ఇంట్లోనే రికార్డు చేసి దాచుకోవచ్చా అయ్యగారూ?" అని ఈ మధ్య అనేకులు అడుగుతున్నారు. అడిగేవారిలో రైతులున్నారు. వ్యవసాయ కార్యక్రమం తెల్లవారుజామున వస్తుంది, ఆ వేళకు వారు మడిలో ఉంటారు. బడిపిల్లల తల్లులున్నారు. 2020లో కరోనా నిమిత్తం బడులు మూసినప్పుడు సప్తగిరి, యాదగిరి ఛానెళ్ళలో పాఠాలు వచ్చిన సంగతి మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఇంట్లో టీవీ ఒక్కటే, పిల్లలు ముగ్గురు, అందులో ఒకడు తండ్రితో కూలికి పోయాడు. వాడి పాఠం వచ్చింది, వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో పెట్టెకు ఒక పెన్ డ్రైవ్ తగిలించి ఉంటే సాయంత్రం వాడు ఆ పాఠాన్ని రెండుసార్లు చూసి ఉండేవాడు.

రికార్డు చేసుకోవచ్చు. పెద్ద ఖర్చు కూడా కాదు. మీ ఇంట్లో ఉన్న సెట్ టాప్ బాక్సుకే ఆ వసతి ఉండి మీరు గమనించకపోయి ఉండవచ్చు. అయితే ఏ పెట్టె మంచిది, ఎంత పెద్ద పెన్ డ్రైవ్ కావాలి అన్న ప్రశ్నలకంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఈ రోజు దాచినదాన్ని రేపు తెరిచే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మన దగ్గరనా, పెట్టె ఇచ్చిన కంపెనీ దగ్గరనా?

ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. మా పొరుగు గ్రామంలో ఒక కుటుంబమున్నది. ఆ ఇంటి పెద్దాయన బుర్రకథ చెప్పేవారు. ఒకసారి ఆయన దళం చెప్పిన కథ టీవీలో వచ్చింది. ఇంట్లో ఉన్నది నెలనెలా డబ్బు కట్టే డిటిహెచ్ పెట్టె. రికార్డింగు వసతి ఉన్నది గనుక కొడుకు ఆ కథనంతా రికార్డు చేశాడు. రెండు సంవత్సరాలు వచ్చిన చుట్టాలకందరికీ చూపించారు. తరువాత పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. ఆ మరుసటి వర్షాకాలంలో పెట్టె చెడిపోయింది, కంపెనీవారు దాని స్థానంలో కొత్తది ఇచ్చారు. రికార్డింగు ఉన్న హార్డ్ డిస్కు విడిగా ఉన్నది, దానికేమీ కాలేదు. కొత్త పెట్టెకు తగిలిస్తే తెరుచుకోలేదు. పట్నంలో కంప్యూటరు షాపుకు తీసుకెళ్ళారు. ఫైలు కనబడుతున్నది, దాని సైజు కనబడుతున్నది, బొమ్మ మాత్రం రాదు. ఆయన భార్య నన్ను అడిగిన మాట ఇది: "లోపల ఉన్నాడంటున్నారు కదా అయ్యగారూ, మరి ఎందుకు చూపించరు?"

ఎందుకు చూపించరో కొంచెం వివరంగా చెబుతాను. డబ్బు కట్టి చూసే ఛానెళ్ళు ఆకాశంలోనుండి వచ్చేటప్పుడే కలగాపులగం చేయబడి వస్తాయి. చందా కట్టిన పెట్టెలో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యతో పెట్టె ఆ చిక్కు విప్పి మనకు బొమ్మ చూపిస్తుంది. రికార్డు చేసేటప్పుడు మాత్రం విప్పిన బొమ్మను దాచదు, తాళం వేసి దాచుతుంది. తాళంచెవి డిస్కులో లేదు, పెట్టెలో ఉన్నది. పెట్టె మారితే చెవి పోయినట్టే. కొన్ని కంపెనీల పెట్టెలలో చందా ఆగిపోయినా పాత రికార్డింగులు తెరుచుకోవు. ఇందులో మోసమేమీ లేదు. సినిమా హక్కులు కొన్నవారు ఊరంతా కాపీలు పంచకుండా చేసుకున్న కట్టడి అది. అయితే మనింటి పెద్దాయన కథకూ, కోట్లు పెట్టి తీసిన సినిమాకూ ఆ పెట్టెకు తేడా తెలియదు.

మా చిన్నతనంలో ఈ బాధ లేదు. వీసీఆర్‌లో టేపు పెట్టి ఎర్ర బొత్తాము నొక్కితే రికార్డయ్యేది. మూడు గంటల టేపు. అది ఏ ఊళ్ళో ఏ వీసీఆర్‌లో పెట్టినా ఆడేది. దాని బాధలు దానికున్నాయి. మన సముద్రతీరపు తేమకు టేపుకు బూజు పట్టేది, కాపీకి కాపీ తీస్తే బొమ్మ పలచబడేది. డిజిటల్ రికార్డింగులో ఆ పలచబడటం లేదు. గాలిలో అంకెలుగా వచ్చినదాన్ని పెట్టె అంకెలుగానే పెన్ డ్రైవ్‌లోకి దించుతుంది. వందోసారి కాపీ తీసినా మొదటిదానిలాగే ఉంటుంది. తాళం లేకుండా దొరికితే ఇంతకంటె మంచి వస్తువు లేదు.

తాళం లేకుండా దొరికే మార్గమున్నది. అది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డిడి డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది, తరువాత పేరు మారింది. ప్రసార భారతి నడుపుతున్నది గనుక నెలనెలా చందా లేదు. డిష్, పెట్టె ఒక్కసారి కొనుక్కుంటే చాలు. ఇందులోని ఉచిత ఛానెళ్ళు చిక్కు వేయకుండా వస్తాయి గనుక రికార్డింగుకు అనువైనవి. వీటిలో ఎంపెగ్-2 అనే పాత పద్ధతివి, ఎంపెగ్-4 అనే కొత్త పద్ధతివి రెండూ ఉన్నాయి. ఇప్పుడు కొనేవారు ఎంపెగ్-4 పెట్టె తీసుకుంటే రెండూ వస్తాయి.

పెట్టెకు యుఎస్‌బి రంధ్రం ఉన్నంతమాత్రాన రికార్డింగు ఉన్నట్టు కాదు. కొన్నింటిలో అది పాటలు వినడానికి, ఫోటోలు చూడడానికి మాత్రమే. అట్టపెట్టె మీద పివిఆర్ అనిగాని, యుఎస్‌బి రికార్డింగ్ అనిగాని రాసి ఉండాలి. అంతకంటె నమ్మకమైన పరీక్ష ఒకటి చెబుతాను. పాత పెన్ డ్రైవ్ ఒకటి జేబులో వేసుకుని షాపుకు వెళ్ళండి. షాపులో డిష్ కనెక్షన్ ఉంటుంది కదా, అక్కడే అయిదు నిమిషాలు రికార్డు చేయించండి. ఆ పెన్ డ్రైవ్ తీసి షాపువారి కంప్యూటరులో పెట్టి ఆడించమనండి. బొమ్మ, మాట రెండూ వస్తే ఆ పెట్టె కొనవచ్చు. "ఇంటికెళ్ళాక వస్తుందిలెండి" అనే షాపులో కొనవద్దు. ఈ పరీక్ష ఏ పెట్టెకైనా, ఏ టీవీకైనా పనికివస్తుంది. కొత్త టీవీలు కొన్నింటిలో డిష్ వైరు నేరుగా టీవీకే తగిలించి రికార్డు చేసుకునే వసతి ఉన్నది. అయితే వాటిలో చాలావరకు రికార్డింగు ఆ ఒక్క టీవీలో తప్ప మరెక్కడా ఆడదు. టీవీ పగిలితే పై కుటుంబానికి జరిగినట్టే జరుగుతుంది.

ఇక డిష్ సంగతి. రికార్డింగు గురించి చెబుతూ డిష్ దగ్గరకు వెళ్ళాడేమిటి అనుకోవద్దు. పాత యాంటెన్నా రోజుల్లో సిగ్నలు తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, అయినా చూసేవాళ్ళం. డిజిటల్‌లో బొమ్మ నిక్షేపంగా ఉంటుంది, లేకపోతే గళ్ళు గళ్ళుగా విరిగి ఆగిపోతుంది. మామూలుగా చూసేటప్పుడు గళ్ళు వస్తే ఒక క్షణం చిరాకుపడి మరిచిపోతాము. రికార్డింగులో ఆ గళ్ళు ఎప్పటికీ ఉండిపోతాయి.

ఫ్రీ డిష్ ఛానెళ్ళు జిశాట్-15 అనే మన ఉపగ్రహం నుండి వస్తాయి. అది 2015 నవంబరులో ప్రయోగించబడింది. భూమధ్యరేఖకు పైన 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద నిలిచి ఉన్నట్టుంటుంది. మన తెలుగు ప్రాంతాలనుండి చూస్తే అది ఆగ్నేయ దిక్కున, నేలనుండి ఇంచుమించు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే నడినెత్తికి కొంచెం కిందగా అన్నమాట. డిష్ పళ్ళెం చూస్తే అంత ఎత్తుకు చూస్తున్నట్టు కనబడదు, దాని తయారీ అటువంటిది. గనుక దూరాన ఉన్న చెట్లు అడ్డం కావు, గోడను ఆనుకుని ఉన్న కొబ్బరిచెట్టు, వేపకొమ్మ అడ్డమవుతాయి. వేసవిలో బిగించిన డిష్ శ్రావణంలో పనిచేయకపోతే ముందుగా కొమ్మ పెరిగిందేమో చూడండి.

బిగించే అబ్బాయి టీవీలో రెండు గీతలు చూపిస్తాడు. ఒకటి సిగ్నలు బలం, మరొకటి నాణ్యత. మొదటిది నిండుగా ఉందని సంతోషపడకండి. ఉపగ్రహం వైపు తిప్పకపోయినా బలం గీత నిండుగా కనబడవచ్చు. నాణ్యత గీత ఎంత ఎక్కువుంటే అంత మంచిది. అది బాగా పెరిగేవరకు అటూ ఇటూ జరిపించి, అప్పుడు నట్లు గట్టిగా బిగించమనండి. జోరువానలో బొమ్మ పోవడం మామూలే, ఆ తరంగాలను వాననీరు పీల్చుకుంటుంది. డిష్ సరిగ్గా కుదిరి ఉంటే చిన్న వానకు పోదు. మార్చి నెలలోను, మళ్ళీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదటి రోజుల్లోను కొన్నాళ్ళపాటు పగటిపూట కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. ఆ వేళ సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. దానికి మెకానిక్కును పిలిచి డబ్బు ఇవ్వవలసిన పనిలేదు, తనంతట తానే సర్దుకుంటుంది.

పెన్ డ్రైవ్ ఎంతది కావాలి? లెక్క సులువు. మామూలు ఛానెల్ సెకనుకు మూడు మెగాబిట్ల చొప్పున వస్తున్నదనుకుంటే గంటకు సుమారు 1.35 జీబీ అవుతుంది. 32 జీబీ పెన్ డ్రైవ్‌లో ఇరవై గంటల పైచిలుకు పడుతుంది. హెచ్‌డి ఛానెలయితే దాదాపు మూడింతలు తింటుంది. ఒక కుటుంబానికి 32 గాని 64 గాని చాలు. సంతలో దొరికే పేరులేని పెన్ డ్రైవ్ వద్దు. 64 అని రాసి ఉంటుంది, లోపల అంత ఉండదు, నిండిన తరువాత రాసినదంతా గల్లంతవుతుంది. మరొక చిక్కు ఏమిటంటే, చాలా పెన్ డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో సిద్ధం చేయబడి వస్తాయి. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటరాదు. గంట పాఠానికి ఇబ్బంది లేదు, మూడున్నర గంటల సినిమాకు ఉన్నది. కొన్ని పెట్టెలు అక్కడికి రాగానే రెండో ఫైలు మొదలుపెడతాయి, కొన్ని మౌనంగా ఆగిపోతాయి. మీ పెట్టె ఏమి చేస్తుందో ముందే ఒకసారి చూసుకోండి.

ఒక హెచ్చరిక. కొత్త పెన్ డ్రైవ్ పెట్టగానే పెట్టెగాని టీవీగాని "ఫార్మాట్ చేయనా?" అని అడగవచ్చు. అవునని నొక్కితే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. అమ్మాయి పెళ్ళి ఫోటోలున్న పెన్ డ్రైవ్ ఆ పనికి పెట్టవద్దు. రికార్డింగుకు వేరేది ఒకటి కొని, దానికి రంగుదారం కట్టి ఉంచుకోండి. హార్డ్ డిస్కు పెట్టాలనుకునేవారికి ఇంకొక మాట. పెట్టె యుఎస్‌బి రంధ్రం ఇచ్చే కరెంటు కొంచెమే. డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తూ లేవకపోతే చాలాసార్లు చెడిపోయినది డిస్కు కాదు, దానికి కరెంటు చాలలేదు. సొంత అడాప్టరు ఉన్న డిస్కు తీసుకోండి.

మన ఊళ్ళలో రికార్డింగును ఎక్కువగా పాడుచేసేది టైమరు. రిమోట్‌తో రోజు, గంట, ఛానెల్ నిర్ణయించి పెడితే పెట్టె తనంతట తానే లేచి రికార్డు చేస్తుంది. కాని మన ఇండ్లలో రాత్రి పడుకునేముందు గోడ మీద స్విచ్చి ఆపే అలవాటున్నది. అది మంచి అలవాటే, కరెంటు మిగులుతుంది, ఉరుములప్పుడు సామాను దక్కుతుంది. అయితే స్విచ్చి ఆపితే పెట్టె నిద్రపోదు, చచ్చిపోతుంది. తెల్లవారుజామున ఎవరు లేపుతారు? టైమరు పెట్టిన రాత్రి రిమోట్‌తో మాత్రమే ఆపి, ఎర్రదీపం వెలుగుతూ ఉండనివ్వాలి. ఈ సంగతి అమ్మమ్మకు, నాయనమ్మకు ముందే చెప్పాలి. ఒక ఇంట్లో స్విచ్చి మీద కాగితం అంటించారు. ఆ అమ్మమ్మకు చదువు రాదు, ఆపేసింది. తరువాత స్విచ్చికి ఎర్రగుడ్డ కట్టారు, పని జరిగింది.

కార్యక్రమం చెప్పిన వేళకే మొదలవుతుందని నమ్మకండి. అయిదు నిమిషాలు ముందు మొదలుపెట్టి, పదిహేను నిమిషాలు తరువాత ఆగేటట్టు పెట్టండి. మధ్యలో కరెంటు పోతే అప్పటివరకు రాసిన ఫైలు కూడా కొన్నిసార్లు తెరుచుకోదు, ముగింపు రాయకుండానే ఆగిపోయింది గనుక. పెట్టె తినే కరెంటు చాలా తక్కువ, చిన్న ఇన్వర్టరుకు అది లెక్కలోనిది కాదు. ఫ్యానుకు ఇన్వర్టరు పెట్టుకున్నవారు టీవీని వదిలేసినా పెట్టె ప్లగ్గును మాత్రం దానికి కలుపుకోండి. బొమ్మ చూడకపోయినా రికార్డింగు సాగుతుంది.

"ఒకటి రికార్డవుతుంటే ఇంకొకటి చూడవచ్చా?" అని ఇంట్లో వెంటనే వచ్చే ప్రశ్న. మామూలు పెట్టెలో సాధారణంగా కుదరదు. కొన్ని పెట్టెలలో రెండు ఛానెళ్ళు ఒకే తరంగం మీద వస్తున్నప్పుడు మాత్రం కుదురుతుంది. సీరియల్ వేళకు పాఠం రికార్డు పెడితే తగవు తప్పదు గనుక ముందే ఒప్పందం చేసుకోండి. కేబులు టీవీకి చేసినట్టు డిష్ వైరును కోసి రెండుగా చీల్చి రెండు పెట్టెలకు ఇస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అది కుదరని పని. డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బికి పెట్టె ఆ వైరులోనే కరెంటు పంపుతూ, 13 వోల్టులా 18 వోల్టులా అనే తేడాతో ఏ తరంగాలు కావాలో చెబుతుంది. ఒకే వైరు మీద ఇద్దరు యజమానులు వేర్వేరు ఆజ్ఞలు ఇస్తే అది ఎవరి మాట వింటుంది? రెండు పెట్టెలు కావాలంటే రెండు నోళ్ళున్న ఎల్‌ఎన్‌బి పెట్టించి, రెండు వైర్లు వేరువేరుగా దించుకోవాలి.

రికార్డయిన తరువాత ఏమి చేయాలన్నది చాలామంది పట్టించుకోరు. పెన్ డ్రైవ్ పెట్టెకే ఉంచి, నిండిన తరువాత పాతవి చెరిపేస్తూ పోతారు. అవసరమైనదేదో అందులోనే పోతుంది. ముఖ్యమైనది రికార్డయిన వారంలోపు దాన్ని కంప్యూటరులోకి మార్చండి. ఇంట్లో కంప్యూటరు లేకపోతే కాలేజీకి వెళ్ళే పిల్లవాడి ల్యాప్‌టాప్ ఉంటుంది, ఊళ్ళో మీసేవ కేంద్రం పక్కన నెట్ షాపు ఉంటుంది. ఫైలు పేరు చివర టిఎస్ అని ఉంటే భయపడకండి, విఎల్‌సి అనే ఉచిత సాఫ్ట్‌వేరు దాన్ని ఆడిస్తుంది. పెట్టె ఇచ్చిన అంకెల పేరు తీసివేసి, ఎవరు, ఏమిటి, ఏ తేదీ అని తెలిసే పేరు పెట్టండి. పదేళ్ళ తరువాత మీ పిల్లలు వెదికేది ఆ పేరుతోనే. ఆ తరువాత రెండో కాపీ తీసి వేరే ఇంట్లో ఉంచండి. కూతురి అత్తవారిల్లు మంచి చోటు. తుపాను మన ఇంటి పైకప్పు లేపినా ఆ కాపీ దక్కుతుంది. పెన్ డ్రైవ్ ఏళ్ళ తరబడి బీరువాలో పడి ఉంటే ఊరికే చెడిపోవచ్చు గనుక ఏడాదికొకసారి తెరిచి చూడండి.

డబ్బు కట్టే పెట్టె ఇప్పటికే ఉన్నవారు దాన్ని తీసివేయనవసరం లేదు. రోజువారీ చూసి చెరిపేసేవాటికి అది చాలా బాగుంటుంది, సీరియల్‌ను ఆపి అన్నం తిని వచ్చి మళ్ళీ అక్కడినుండే చూడవచ్చు. మీ పిల్ల పాట, మీ ఊరి తీర్థం, మీ నాన్నగారి మాట టీవీలో వస్తున్నదని తెలిస్తే మాత్రం దానిమీద ఆధారపడకండి. ఆ ఛానెల్ ఫ్రీ డిష్‌లో కూడా ఉన్నదేమో చూసి, ఉంటే ఆ డిష్ ఉన్న పొరుగింటివారిని ముందుగా అడిగి అక్కడ రికార్డు చేయించుకోండి. ఆ కార్యక్రమం తీసినవారినే ఒక కాపీ ఇమ్మని ప్రసారమైన వెంటనే అడగడం కూడా మంచిదే. రెండేళ్ళ తరువాత అడిగితే వారి దగ్గర ఉంటుందో లేదో.

చట్టం సంగతి కూడా చెప్పాలి, సంఘపెద్దలు కొందరు అడిగారు. మన 1957 కాపీరైట్ చట్టం 39వ సెక్షను ప్రకారం రికార్డు చేసినవాడు తన సొంత ఉపయోగానికి, లేదా నిజమైన బోధన, పరిశోధన నిమిత్తం ప్రసారాన్ని రికార్డు చేసుకోవడం ఛానెల్ వారి ప్రసార హక్కును భంగపరచినట్టు కాదు. ఇంట్లో చూసుకుంటే పేచీ లేదు. దాన్ని కాపీలు తీసి అమ్మడం, యూట్యూబులో పెట్టడం, పండుగనాడు వీధిలో తెరకట్టి ఊరంతటికీ చూపడం సొంత ఉపయోగం కాదు. చందా వసూలు చేయలేదు కదా అన్నంతమాత్రాన అది సొంత ఉపయోగమైపోదు. సంఘం హాలులో సినిమా వేయదలచినవారు హక్కుదారులకు ముందుగా ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకోండి. ఉత్తరంలో ఏ కార్యక్రమమో, ఏ తేదీన వేస్తారో, ఎంతమందికో, ప్రవేశం ఉచితమో కాదో రాయండి. వచ్చిన జవాబును ఫైలు చేసి ఉంచండి.